గీత గీయుటకు ముందు బల్ల సర్దుకొనుట

మా పాఠశాలలో పదవ తరగతి ముగించుకొని పోవు బాలబాలికలలో కొందరు ఇంటరుమీడియెట్టునకును, కొందరు పాలిసెట్టు పరీక్ష వ్రాసి పాలిటెక్నిక్కులకును, మరికొందరు ఐ.టి.ఐ.లలో డ్రాఫ్ట్స్‌మన్ శాఖకును పోవుచుందురు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పల్లెలనుండి వెడలిన ఈ పిల్లలకు అచ్చట ఆటోకాడ్ అను కంప్యూటరు సాధనముతో పరిచయము కలుగును. ఇండ్లు, వంతెనలు, యంత్రముల భాగములు, గనుల త్రోవలు మొదలగువాని పటములను పూర్వము కాగితముపై గీచెడివారు. ఇప్పుడు దీనితో గీయుచున్నారు. కావున ఈ వ్యాసము సాంకేతిక విద్యార్థులకు మాత్రమే సంబంధించినదని తక్కినవారు పుట త్రిప్పివేయరాదని మా ప్రార్థన. ఇందలి ప్రశ్న ఏ పనిముట్టు పట్టువారికైనను వచ్చునదే.

సెలవులలో మమ్ము చూడవచ్చిన పూర్వవిద్యార్థులు తమ చదువును గూర్చి చెప్పునపుడు మేమొక విషయమును గమనించితిమి. వారికి కష్టముగా తోచినది గీత గీయుట కాదు. కొలత వేయుట కాదు. తెర తెరువగానే నాలుగువైపుల నిండియుండు బొమ్మల పట్టీలు వారిని బెదరించుచున్నవి. వీనినే టూల్‌బారులందురు. అందొకటి అక్కరలేకయే పటమునకు అడ్డముగా నిలిచినచో దానిని ఎట్లు తీయవలెనో వారికి తెలియదు. తీయవచ్చునో తీయరాదో అంతకంటెను తెలియదు. అడిగిన నవ్వుదురేమోయని అడుగరు. మిగిలిన చోటిలోనే పటమును ఇరికించుకొని సంవత్సరము గడపిన వారును కలరు.

ఆ పట్టీని తొలగించుట అర నిమిషపు పని. అంత చిన్న పనిని గూర్చి వార్షిక సంచికలో వ్రాయవలయునా యని కొందరికి తోచవచ్చును. పని చిన్నదే, కాని అది తెలియనందున పిల్లవాని మనస్సున నాటుకొను భావము చిన్నది కాదు. తెరపై ఏది కనిపించినను దానికి లోబడియుండవలసినదే యనియు, చక్కబెట్టుకొను అధికారము తనకు లేదనియు వాడు తలంచును. అట్లు తలంచినవాడు పటము గీయుట నేర్చినను పనివాడు కాజాలడు. అందుచేత అక్కరలేని పట్టీని తొలగించుట ఎట్లో నేర్పుట పటము నేర్పుటలో మొదటి భాగమని మేము దృఢముగా నమ్ముచున్నాము.

ఈ పట్టీలు ఎట్లు వచ్చినవో కొంచెము తెలిసికొనుట మేలు. 1963లో అమెరికాలోని మాసచూసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఐవాన్ సదర్లాండు అను పరిశోధక విద్యార్థి స్కెచ్‌ప్యాడ్ అను సాధనమును నిర్మించెను. కాంతి కలమును తెరపై పెట్టి గీత గీయగా కంప్యూటరు దానిని గ్రహించెడిది. ఆజ్ఞలను ప్రక్కనున్న మీటలు నొక్కి ఇచ్చెడివారు. తెర యంతయు పటమునకే విడువబడియుండెను. 1982 డిసెంబరులో ఆటోడెస్క్ అను సంస్థ ఆటోకాడ్‌ను విడుదల చేసినది. ఆ కాలమున గీతకు లైన్ అనియు, వృత్తమునకు సర్కిల్ అనియు ఆజ్ఞను అక్షరములతో కొట్టెడివారు. తరువాత విండోస్ వచ్చుటతో ఒక్కొక్క ఆజ్ఞకు ఒక్కొక్క బొమ్మయు, బొమ్మల వరుసలతో పట్టీలును ఏర్పడినవి. ఆటోకాడ్ 2009 కూర్పులో ఆ పట్టీలకు బదులుగా రిబ్బన్ అను వెడల్పైన పట్టీ పై భాగమున వచ్చి కూర్చుండెను. 2015 కూర్పునుండి పాత పట్టీల అమరికయగు క్లాసిక్ వర్క్‌స్పేసును సంస్థవారు తీసివేసిరి. పాత అలవాటుగల పనివారనేకులు తమ పట్టీలను తామే తిరిగి అమర్చుకొని పని సాగించిరి. తెర యొక్క రూపము మార్పరానిది కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇది ఆటోకాడ్‌కు మాత్రమే పట్టిన బెడద కాదు. ఉత్తరములు వ్రాయుటకు మనము వాడు మైక్రోసాఫ్ట్ వర్డ్ సంగతియే చూడుడు. 1989లో విండోస్ కొరకు వెలువడిన దాని మొదటి కూర్పులో టూల్‌బారులు రెండు. 2003 కూర్పు నాటికి అవి 31 అయినవి. 1997 కూర్పునుండి కాగితపు క్లిప్పు రూపమున ఒక బొమ్మ తెర మూలనుండి లేచి, అడుగకయే సలహాలు చెప్పుచుండెడిది. జనులు విసిగిరి, 2007 కూర్పులో అది తొలగిపోయినది. చేయువారు లోకములోని వాడుకరులందరిని తలంచుకొని ఒక్కొక్కటియే చేర్చుచు పోవుదురు. వారి దోషము అంతగా లేదు. గని కొలుచువానికి ఒకటి, వంతెన కట్టువానికి ఒకటి, యంత్రములు చేయువానికి ఒకటి కావలెను. కాని రెండు గదుల యింటి పటము గీయు పిల్లవానికి అవన్నియు ఏల? అందరి కొరకు పెట్టినదానిలో తనకు కావలసినది ఏరుకొనుట వాడుకరి పని. ఆ పనిని నేర్పు పాఠము మాత్రము చాలచోట్ల లేదు.

మన ప్రాంతపు పనివారిని చూడుడు. జనగామకు సమీపమున పెంబర్తిలో ఇత్తడి రేకుపై పనిచేయు విశ్వకర్మల శాలలలో ఉలులు అనేకము కలవు. కాని రేకుపై చేయి ఆడుచున్నపుడు వారి ఎదుట నుండునది సుత్తియు, ఆ గీతకు తగిన ఉలియు మాత్రమే. తాపీమేస్త్రి గోడ లేపునపుడు తాపీ చేతనుండును. రసమట్టము, మూలమట్టము, తూకపు గుండు చేరువనుండును. రంపము వడ్రంగి సంచిలోనే యుండును. ఎవరును గోడమీద రంపమును పెట్టి, దాని ప్రక్కనుండి ఇటుక పేర్చరు. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు ఎపిఫనీ దేవాలయము వంటి కట్టడములు కాగితముపై చేతితో పటములు గీచిన కాలమునకు చెందినవి. ఆనాటి డ్రాఫ్ట్స్‌మన్ ఉదయమున వచ్చి మొట్టమొదట బల్ల తుడిచి, టీ స్క్వేరును, సెట్ స్క్వేరులను సరిచూచుకొని, అక్కరలేని వానిని సొరుగులో పెట్టి, పిమ్మట కాగితము బిగించెడివాడు. బల్ల సర్దుకొనుట పనిలో భాగమేగాని పనికి ఆటంకము కాదు. కంప్యూటరు తెరయు ఒక బల్లయే. దానిని సర్దుకొనుట నేరమైనట్లు పిల్లలు ఏల భయపడవలెను?

భయమునకు కారణములు లేకపోలేదు. మొదటిది భాష. ఆటోకాడ్ తెలుగులో లేదు. పట్టీలపై మాటలన్నియు ఆంగ్లములే. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవానికి బొమ్మ యొకటి, మాట యొకటి, రెండును క్రొత్తలు. రెండవది చోటు. మన పిల్లలకు లభించు కంప్యూటరులలో 768 చుక్కల ఎత్తుగల తెరలు ఇంకను కలవు. ఒక్కొక్క పట్టీ 30 చుక్కల ఎత్తు తీసికొన్నదనుకొన్నను, ఐదు పట్టీలు ఒకదాని క్రిందొకటి నిలిచినచో 150 చుక్కలు పోయినవి. అనగా తెరలో ఐదవ వంతునకు దగ్గర. పెద్ద తెర గలవారికి ఇది లెక్కలోనిది కాదు. చిన్న తెర గలవారికి ఇంటి పటములో వంటగది కనుపింపక పోవుటయే. మూడవది, ఒకే కంప్యూటరుకు పలువురు కూర్చుండుట. తనది కాని దానిని ముట్టుటకు మర్యాద తెలిసిన పిల్లవాడు సహజముగానే సంకోచించును.

ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాబోటివారికి సులభమైనదానినుండి కఠినమైనదానికి పోవలెనను సూత్రము మొదటినుండియు బోధింపబడినదే. 1939లో మద్రాసునకు వచ్చి యుద్ధకాలమంతయు భారతదేశమున గడపిన మరియా మాంటిసోరి తన పద్ధతిలో మరియొక నియమమును పెట్టెను. పిల్లవాని ముందు అన్ని వస్తువులను కుప్ప పోయరాదు. వాడు అరనుండి ఒకటి తీసికొని, పని ముగిసిన పిదప దానిని మరల దాని చోటనే పెట్టవలెను. చిన్నపిల్లల బడిలో మెచ్చుకొను ఈ నియమమును డిప్లొమా చదువువారి విషయమున మనము మరచితిమి. మొదటి దినముననే తెరనిండ బొమ్మలను పోసి, వీనిలో మీకు కావలసినది గీయుడనుచున్నాము.

మా అభిప్రాయమునకు ఎదురుమాటలు కలవని మేము ఎరుగుదుము. వానిలో మూడు పరిశీలింపదగినవి. సెట్టింగులు మార్చరాదని ప్రయోగశాలాధికారి చీటీ అంటించినాడు కదా యని మొదటి మాట. ఇది న్యాయమైన మాటయే. ఒకడు తొలగించిన పట్టీకై మరునాడు వచ్చినవాడు వెదకుచు కూర్చుండరాదు. రెండవది: నేడు అక్కరలేనిది రేపు అక్కరకు రావచ్చును, తొలగించినచో పిల్లవాడు దానిని ఎన్నడును నేర్చుకొనడు. మూడవది: అందరి తెరలు ఒకే తీరున ఉన్నచో ఉపాధ్యాయునకు చెప్పుట సులభము, పరీక్షలోను అదే తీరు ఉండును.

మొదటిదానికి మా సమాధానము: మార్చరాదని నిషేధించుటకంటె, మార్చి మరల యథాస్థానమున ఉంచుట నేర్పుట మేలు. గ్రంథాలయములో పుస్తకమును ముట్టరాదని ఎవరును చీటీ పెట్టరు. తీసినచోటనే పెట్టుమని పెట్టుదురు. రెండవదానికి: మేము కోరునది దాచుట, నాశనము చేయుట కాదు. ఈ భేదము ఆటోకాడ్‌లోనే స్పష్టముగ కలదు. ఒక లేయరును ఆపినచో గీతలు కనుపింపవు, కాని పోవు, చెరిపినచో పోవును. పట్టీల సంగతియు అంతే. మూడవదానికి: మొదటి వారములు అందరికి ఒకే అమరిక ఉండుట మంచిదే. ఆ అమరిక పాఠమునకు తగినట్లు ఉపాధ్యాయుడు ఏరి కూర్చినదై యుండవలెను. సాధనముతో వచ్చినదంతయు కాదు. పరీక్షకు పోవువాడు ఏ తెర ఎదుట కూర్చుండబెట్టినను రెండు నిమిషములలో దానిని తన పనికి తగినట్లు చక్కబెట్టుకొనగల్గుటయే నిజమైన సిద్ధము.

ఇక పద్ధతిని సంగ్రహముగా చెప్పెదము. పట్టీ అంచును పట్టి తెర మధ్యకు లాగినచో అది విడివడి నిలుచును. దాని మూలనున్న కొట్టివేత గుర్తును నొక్కినచో మరుగగును. లాగినను కదలనిచో అది బిగింపబడియున్నదని తెలియవలెను. తెర అడుగున కుడివైపునుండు తాళపు గుర్తువద్ద దానిని వదలింపవచ్చును. ఏదైన ఒక పట్టీపై మౌసు కుడి మీటను నొక్కినచో పట్టీల పేర్ల జాబితా వచ్చును. టిక్కు ఉన్నవి కనుపించుచున్నవి, లేనివి దాగియున్నవి. టిక్కు తీసిన మరుగగును. పెట్టిన మరల వచ్చును. తెర కుడి అంచున నిలువుగా నుండు నావిగేషన్ బారును తీయుటకు నావ్‌బార్‌డిస్‌ప్లే అను మాట కొట్టి సున్న విలువ ఈయవలెను; ఒకటి ఇచ్చినచో తిరిగి వచ్చును. కొంతసేపు పటము తప్ప మరేదియు వలదనుకొన్నపుడు కంట్రోలు మీటను, సున్న మీటను కలిపి నొక్కినచో పట్టీలన్నియు మరుగై తెర విశాలమగును. మరల అట్లే నొక్కిన యథాప్రకారమగును. భయపడు పిల్లవానికి మొట్టమొదట నేర్పవలసినది ఇదియే. పోయినది తిరిగి వచ్చునని కన్నులార చూచినవానికి భయము తీరును.

తొలగించిన పట్టీ మరునాడు మరల ప్రత్యక్షమైనచో రెండు కారణములుండవచ్చును. అమరికను వర్క్‌స్పేసుగా భద్రపరుపకపోవుట ఒకటి. దానికొక పేరు పెట్టి భద్రపరచినచో చాలును. వేరొక అదనపు సాధనము ఆ పట్టీని ప్రతిదినము మోసికొని వచ్చుట రెండవది. అట్టిచో సి.యు.ఐ.లోడ్ అను ఆజ్ఞతో తెరచుకొను జాబితాలో ఆ సాధనపు పేరును గుర్తించి అన్‌లోడ్ చేయవలెను. ఆ జాబితాలో అకాడ్ అని యుండునది ఆటోకాడ్‌కు మూలమైనది. దానిని మాత్రము ముట్టరాదు. ముట్టినచో అక్కరలేని దానితోపాటు అక్కర గలవియు పోవును. ఈ పనులకు పూర్వము ఉన్న అమరికను ఒక ప్రొఫైలుగా వెలికి తీసి దాచుకొనుట వివేకుల లక్షణము. ఫ్రీక్యాడ్, లిబ్రేక్యాడ్ మొదలగు ఉచిత సాధనములలోను పట్టీలను దాచుటకు ఇట్టి జాబితాలే కలవు.

పిలువకయే వచ్చిన పట్టీని గూర్చి ఒక్క మాట. తయారుచేసినవారు పెట్టిన పట్టీ వేరు. దొంగచాటుగా చేరినది వేరు. ఒకప్పుడు జావా అను సాధనమును కంప్యూటరులో ఎక్కించునపుడు దానితోపాటు ఆస్క్ టూల్‌బారు అను వెదకుడు పట్టీ బ్రౌజరులో చేరెడిది; చదువక అన్నిటికి సరే యని నొక్కినవారికి అది అంటుకొనెడిది. 2015లో మైక్రోసాఫ్టువారు దాని పాత కూర్పులను అవాంఛనీయములుగా ఎంచిరి. కాడ్ పటములను పట్టిన పురుగులును కలవు. 2012లో ఈసెట్ సంస్థవారు కనుగొనిన మెడ్రే అనునది ఆటోకాడ్ పటములను దొంగిలించి ఇ-మెయిలు ద్వారా పరదేశమునకు పంపుచుండెను. పెరూ దేశమున అది ఎక్కువగా వ్యాపించినది. కావున తెలియనిదేదైన తెరపై కనుపించినచో మరుగుచేసి ఊరకుండుట చాలదు. అది ఎచ్చటనుండి వచ్చినదో విచారింపవలెను. దొంగ ప్రతులను వాడువారికి ఈ ముప్పు అధికము. విద్యార్థులకు ఆటోడెస్క్ సంస్థవారే చదువు నిమిత్తము ఉచితముగా అనుమతి నిచ్చుచుండగా, దొంగ ప్రతికై వెదకుట బీదరికముచేత కాదు, తెలియమిచేత. ఆ తెలియమిని పోగొట్టుట ఉపాధ్యాయుల ధర్మము.

మన ప్రాంతమున ఈ విద్యకు పని లేదని ఎవ్వరును అనజాలరు. భూపాలపల్లిలో సింగరేణి గనులును, చెల్పూరు వద్ద 500, 600 మెగావాట్ల యంత్రములుగల కాకతీయ విద్యుత్కేంద్రమును కలవు. తెలంగాణ పట్టణములలో గృహనిర్మాణానుమతులను అంతర్జాలము ద్వారా ఇచ్చుటకు 2020లో చట్టమే వచ్చినది. 2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణములును జిల్లా కేంద్రములైన పిదప కార్యాలయములు, కాలనీలు, దుకాణములు పెరిగినవి. ఇంటి పటమునకై ఎవరో దూరపు పట్టణమునకు పోవలసిన అవసరము లేకుండ, ఊరి పిల్లవాడే గీచి యీయగల దినము దగ్గరలోనే యున్నది. వాడు సాధనమునకు యజమానుడై కూర్చుండునా, లేక ఎవరో అమర్చిన తెర మూలన బెదరుచు కూర్చుండునా యనునదే ప్రశ్న.

అందుచేత మేము కోరునవి ఇవి. కంప్యూటరు నేర్పు ఉపాధ్యాయులు మొదటి గంటను గీతకు గాక తెర సర్దుకొనుటకు వినియోగింపవలెను. మొదటి పాఠములకు చాలునంత కొద్ది పరికరములతో ఒక అమరికను తామే కూర్చి, దానికి తరగతి పేరు పెట్టి, ప్రతి కంప్యూటరులో ఉంచవలెను. దానికి ఎట్లు తిరిగి రావలెనో గోడపై తెలుగులో వ్రాసి పెట్టవలెను. విద్యార్థులు తమ అమరికను తమ పేరుతో వేరుగా భద్రపరచి, లేచునపుడు తరగతి అమరికను తిరిగి పెట్టి పోవలెను. ఇతరుల బల్లను చెదరగొట్టి తన బల్లను సర్దుకొనుట సర్దుకొనుట కాదు. తల్లిదండ్రులు తమ బిడ్డ ఎన్ని సాధనములు నేర్చినాడని అడుగుటకు ముందు, ఒక్కదానినైన తనకు తగినట్లు అమర్చుకొని, పని చేసి, మరల చక్కగా విడిచి రాగలడా యని అడుగవలెను.

బాలబాలికలారా, అక్కరలేనిది మీ పటమునకు అడ్డము వచ్చినచో దానిని తీసి ప్రక్కను పెట్టుటకు సందేహింపకుడు. ముందు అది ఏమో చదువుడు, ఎట్లు తిరిగి తేవలెనో తెలిసికొనుడు, పిమ్మట దాచుడు. తెలియనిచో అడుగుడు. అడిగినవానిని చూచి నవ్వువాడు కూడ ఒకనాడు అడిగి తెలిసికొన్నవాడే. తెరపై చోటు మీ గీత కొరకు. దానిని మీరే కాపాడుకొనవలెను.